మఫ్లరు కట్టిన మహారాజు

పుంగనూరు,
6-6-1999

చిరంజీవి గోవిందస్వామికి నాయన చిన్నప్ప దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఆవు ఈనింది, పెయ్యదూడ. క్షేమసమాచారం ఇంతటితో సరి. ఇక అసలు సంగతి.

నిన్న మీ అన్న ఆదినారాయణ మదనపల్లెలో పట్టుగూళ్లు అమ్మి వస్తూ బస్టాండులో ‘చిట్టి దివిటీ’ అనే పిల్లల పుస్తకం కొనుక్కొచ్చాడు. నువ్వు కుప్పంలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నావని మేమనుకుంటుంటే, అందులో ఏడు నెలలుగా ‘నీలకేతు ప్రయాణం’ అని కథ రాస్తున్నావట. ఈ మాట కన్నతండ్రికి బస్టాండు అంగడివాడు చెప్పాలా? వాడి దగ్గర పాత సంచికలు కూడా ఉంటే ఆది అన్నీ పట్టుకొచ్చాడు. ఒక్క పగటిలో ఏడు భాగాలూ చదివేశాను.

శిఖరకేతు మహారాజుకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడంటే ప్రాణం. చిన్నవాడు నీలకేతు సభలోకి అడుగు పెడితే చాలు, మొహం తిప్పుకుంటాడు. చివరికి మాట్లాడే శంఖం తెమ్మని ఏడు సముద్రాల అవతలికి తరిమేశాడు. ఎందుకు గిట్టదో ఎక్కడా రాయలేదు. పోనీ, కథ నీది, నీ ఇష్టం. కానీ ఆ రాజుకు గుబురు మీసాలెందుకు? మండుటెండలో మెడకు మఫ్లరు ఎందుకు? మజ్జిగన్నంలో మామిడికాయ బద్ద లేదని సభ వాయిదా వేయడం ఏ రాజ్యంలో ఉంది?

ఈ రాజు ఎవరే అని మీ అమ్మను అడిగాను. బొమ్మ చూసి, “ఇంకెవురు, నువ్వే. ఆ మీసం సూడు, ఆ మప్లరు సూడు” అంది. ఆది గోడవైపు తిరిగి నవ్వాడు.

వెంటనే జవాబు రాయి. బడికి ఫోన్ చేద్దామంటే ఎస్టీడీ బూతులో నా వెనక ఎప్పుడూ నలుగురు నిలబడి వింటుంటారు. ఇది నలుగురు వినే మాట కాదు.

నీ నాయన,
చిన్నప్ప

కథలో తాబేలు బాగుంది. అందరిలోకీ దానికే కాస్త బుద్ధి ఉంది.


కుప్పం,
13-6-1999

నాయనకు గోవిందు నమస్కారాలు.

దూడ పుట్టినందుకు నీ కోడలు కౌసల్య చాలా సంతోషించింది. జున్ను ఎవరు తిన్నారో రాయలేదేమని అడగమంది.

నాయనా, ఆ రాజు నువ్వు కాదు. నేను రాసింది ఉత్తరీయం. బొమ్మ వేసినాయనకు జలుబు చేసిందేమో, మఫ్లరు వేశాడు. మీసాలు లేని రాజు పిల్లలకు నచ్చడు. మామిడికాయ బద్ద మాత్రం నీదే, ఒప్పుకుంటాను. రాజులు ఏం తింటారో నాకు తెలియదు కదా. నేను దగ్గరగా చూసిన పెద్దమనిషి నువ్వొక్కడివే.

చెప్పకపోవడం నా తప్పే. నువ్వు చదువుతావనుకోలేదు. చదివినా ఇంత శ్రద్ధగా చదువుతావనుకోలేదు. నా పదో తరగతి మార్కుల జాబితా కూడా ఇంత నిదానంగా చూడలేదు నువ్వు.

ఇప్పుడు నాకొక చిక్కు వచ్చి పడింది. పిల్లలంతా సంపాదకుడికి ఒకటే ప్రశ్న రాస్తున్నారట: రాజుకు నీలకేతు అంటే ఎందుకు గిట్టదు? ఆగస్టు ఇరవైలోగా పంపే పదో భాగంలో కారణం చెప్పి తీరాలని ఆయన హుకుం. నిజం చెప్పాలంటే కారణం నాకే తెలియదు. ‘ఒక రాజుకు చిన్న కొడుకంటే గిట్టదు’ అని మొదటి వాక్యం చేతికి వచ్చింది, రాసేశాను. ఆ తర్వాత ఎంత ఆలోచించినా ఎందుకో తట్టలేదు.

నువ్వు తండ్రివి కదా, నీకేమైనా తడితే రాయి.

నీ కొడుకు,
గోవిందు


పుంగనూరు,
24-6-1999

గోవిందుకు,

జున్ను మీ అన్నే తిన్నాడు. వాడినే అడుగు.

తండ్రివి కదా నీకు తడితే రాయమన్నావు. ఇందులో తట్టడానికేముంది? ఏ తండ్రీ ఊరికే మొహం తిప్పుకోడు. కొడుకే ఏదో చేసి ఉంటాడు. అది రాసెయ్. రాజును ఏమీ అనకు. పాపం, రాజ్యం చూసుకోవాలా, వీణ్ణి చూసుకోవాలా?

నువ్వు ఎక్కడికి వస్తున్నావో నాకు తెలియదనుకోకు. ఆ పన్నీరు సంగతి రాయబోతున్నావు. ఎనిమిదేళ్ల కిందట వెంకటగిరికోటలో పెళ్లికి వెళ్లి, నిండా పన్నీరు చల్లించుకుని, ఆ చొక్కాతోనే పట్టుపురుగుల షెడ్డులోకి వచ్చి ఆకు వేశావు. తెల్లారేసరికి పంటంతా పోయింది. వాసన తగిలితే పురుగు బతకదని మన ఇళ్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా నేను నిన్ను కొట్టానా? ‘నీకు పురుగులు అచ్చిరావు, పోయి చదువుకో’ అన్నాను, అంతే. దానివల్లే కదా ఈరోజు మేష్టరువయ్యావు?

నీమీద నాకు కోపం లేదు. కావాలంటే రుజువులు చూడు. నీ పెళ్లిలో నేను కళ్లు తుడుచుకున్నాను. హోమం పొగ అని మీ అమ్మ అంటుంది, నమ్మొద్దు. పోయిన ఏడు ఆదితో మామిడిపళ్లు పంపించాను. మీ ఇంటికి నేను ఇంతవరకు రాలేదన్నది నిజమే. అది పురుగుల వల్ల. వాటిని వదిలి ఎక్కడికి పోను?

కాబట్టి పన్నీరు ఊసు ఎత్తకు. పిల్లల పుస్తకంలో అలాంటివి బాగుండవు.

నాయన


కుప్పం,
4-7-1999

నాయనకు నమస్కారాలు.

నేను పన్నీరు సంగతి తలచుకోనే లేదు. నువ్వే తెచ్చి ముందు పెట్టావు.

ముందు ఒక తమాషా చెప్పాలి. సంపాదకుడు పాఠకుల ఉత్తరాల కట్ట ఒకటి పంపాడు. అందులో ‘ఒక గృహిణి, పుంగనూరు’ రాసిన ఉత్తరం ఉంది. శిఖరకేతు ఉత్తముడైన తండ్రి అనీ, అలాంటి వాణ్ణి అవమానిస్తే పిల్లలు చెడిపోతారనీ, రాజు మెడలో మఫ్లరు వెంటనే తీసేయాలనీ ఆ గృహిణి కోరింది. పచ్చ సిరాతో రాసింది. పై అంచున ‘బోయకొండ గంగమ్మ తల్లి చల్లగా చూడాలి’ అని కూడా రాసింది. నాయనా, పుంగనూరులో పచ్చ సిరాతో రాసే గృహిణులు ఎంతమంది ఉన్నారు? కౌసల్య నవ్వి నవ్వి అన్నం అడుగంటించింది.

పిల్లలు పంపిన కారణాలు ఇంకా బాగున్నాయి. నీలకేతు రాజుగారి లడ్డు తినేశాడని ఒకడు. నీలకేతుకు గురక ఎక్కువని ఇంకొకడు. పెద్దమండ్యం నుంచి ఒక పాప అయితే, ‘రాజే ఏదో తప్పు చేసి కొడుకు మీద వేసుంటాడు. అందుకే వాడి మొహం చూడలేడు’ అని రాసింది. నవ్వుకున్నాను. అంత పెద్ద రాజు అలా ఎందుకు చేస్తాడమ్మా అని కార్డు ముక్క రాసి పడేశాను.

నీ రుజువులు చదివాను. నీకు కోపం లేదంటే నమ్ముతాను. కానీ నువ్వు పన్నీరు ఊసు ఎత్తావు కాబట్టి నేనూ ఒక మాట ఎత్తుతాను. నాకు పురుగులంటే ఇష్టం నాయనా. ఆకు వేసిన కాసేపటికి షెడ్డంతా సన్నవాన పడుతున్నట్టు చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వింటూ అక్కడే బతికేయాలనుకున్నాను. మేష్టరు పని చెడ్డదని కాదు, కానీ నేను కోరుకున్నది అది కాదు. ఈ ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు ఇంటికి వచ్చినా నన్ను వసారాలో కూర్చోబెట్టి నువ్వు షెడ్డులోకి వెళ్లి గడియ పెట్టుకుంటావు. కాళ్లు కడుక్కుని, సబ్బు వాసన కూడా లేకుండా వస్తాను. అయినా ఒక్కసారి లోపలికి రమ్మనలేదు.

నేను చేసిన తప్పుకు బాధ లేదని కాదు. కానీ ఆరోజు నేను పన్నీరు అడిగి చల్లించుకోలేదు. పెళ్లివాకిట్లో ఎవరు చల్లారో కూడా తెలియదు.

గోవిందు


కుప్పం,
2-8-1999

నాయనకు,

నెల దాటింది, నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. గృహిణి ఉత్తరం గురించి నవ్వినందుకు కోపం వచ్చిందని అర్థమైంది. తప్పయింది. నువ్వు ఏ పేరుతో రాసినా నాకు సంతోషమే. పదో భాగం నుంచి రాజు మఫ్లరు తీసేయమని బొమ్మలాయనకు చెప్పాను. మీసాలు కూడా సన్నవి చేయిస్తున్నాను. ఇంకా ఏమైనా ఉంటే చెప్పు.

మొన్న ఆది అన్న బడికి ఫోన్ చేశాడు. “నాయన ఎవురితో మాట్లాడల్యా. పొద్దస్తమానం షెడ్డులోనే కూసోనుండాడు. యాలని అడిగితే తాబేలు మాదిరి తల లోపలికి లాక్కుంటాడు. ఏం రాసినావప్పా ఆయనకి?” అన్నాడు. అమ్మ దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పేసిందట. అన్న నీకు జ్వరమనుకుంటున్నాడు. నేను మాత్రం మఫ్లరేనని గట్టిగా చెప్పాను.

షెడ్డు గురించి రాసినందుకు కూడా నొచ్చుకున్నావేమో. అది మరిచిపో. నన్ను లోపలికి పిలవమని రాసింది కాదు అది. మనసులో ఉండి రాసేశాను, అంతే.

ఇక కారణం సంగతి. నీకు ఇబ్బంది లేకుండా ఒక దారి దొరికింది. నీలకేతు పుట్టిననాడు ఒక మంత్రగత్తె శపించింది, అందుకే రాజుకు ఆ బిడ్డ గిట్టకుండా పోయాడు అని రాస్తాను. రాజు తప్పు లేదు, కొడుకు తప్పూ లేదు. శాపం పోగానే ఇద్దరూ కావలించుకుంటారు. బాగుంది కదా?

ఒక్క ముక్క రాయి. పచ్చ సిరా అయిపోతే పెన్సిలుతో అయినా సరే.

గోవిందు


పుంగనూరు,
9-8-1999

గోవిందుకు,

మఫ్లరు కాదు. నీ పదో భాగం నేను రాసి పంపుతున్నాను. నాకు కథలు రాయడం రాదు, తప్పులుంటే దిద్దుకో.

శిఖరకేతు మహారాజుకు నశ్యం పీల్చే అలవాటు ఉండేది. రోజుకు ఒక డబ్బా. మహారాణి పోరు పడలేక ఒకనాడు కొండమీది గంగమ్మ ముందు దీపం ఆర్పి, ఇక ముట్టనని ప్రమాణం చేశాడు. ఊరంతా చూసింది, ఊరంతా మెచ్చుకుంది. ప్రమాణం సరిగ్గా పదకొండు రోజులు నిలిచింది.

పన్నెండో రోజు రాజు మళ్లీ డబ్బా కొన్నాడు. ఎక్కడ దాచాలి? అంతఃపురంలో మహారాణి. సభలో మంత్రులు. రాజ్యం మొత్తంమీద పరాయివాళ్లు అడుగుపెట్టని చోటు ఒకటే ఉంది, పట్టుపురుగుల ఇల్లు. పొగాకు గాలి సోకితే పురుగు చస్తుందని ఆ రాజే ఊరికంతా చెప్పేవాడు. ఎవరి జేబులో బీడీ ఉన్నా గుమ్మం దగ్గరే ఆపేవాడు. రాజును ఆపేవాడు ఎవడున్నాడు? డబ్బా కప్పు కింద వెన్నుపట్టె దూలం మీద దాచాడు. ఒక్క పట్టు పీల్చి, చేతులు కడుక్కుని వెళ్లిపోవచ్చుకదా అనుకున్నాడు.

అలా నెల గడిచింది. పురుగులు నాలుగో జ్వరం లేచాయి. నీకు తెలుసు, నాలుగోసారి చర్మం వదిలి లేచాక వాటి ఆకలి ఎలా ఉంటుందో. సాయంత్రం, ఆకు కోసి కుప్ప పోసి ఉంది. రాజు చుట్టూ చూశాడు. డబ్బా దించాడు. పీల్చాడు. తుమ్ము వచ్చింది. నా చేతిలోంచి డబ్బా జారి మూత ఊడి ఆకు కుప్పలో పడింది.

చూశావా, రాజు అని రాయబోయి నా అని రాశాను. కొట్టేద్దామనుకున్నాను. ఇంట్లో ఇన్‌లాండ్ లెటరు ఇది ఒక్కటే ఉంది. ఉండనీ.

కనబడినంత మేరకు ఊదేశాను. పై ఆకు తీసి పారేశాను. ఇంక ఏమీ కాదులే అనుకున్నాను. అప్పుడే నువ్వు పెళ్లినుంచి వచ్చావు. “నువ్వు కూసో నాయనా, నేనేస్తా” అని కుప్ప ఎత్తి అన్ని తట్టలకూ వేశావు. వద్దురా అనొచ్చు. అంటే ఎందుకని అడుగుతావు. నోరు మూసుకుని నిలబడ్డాను. పొద్దున్నే చూస్తే పురుగులు తలలెత్తి, పచ్చటి నీళ్లు కక్కి పడున్నాయి.

మీ అమ్మ వచ్చి, “యాలరా, నీ సొక్కా ఇంత వాసనొస్తాండాది?” అని నిన్ను అడిగింది. గోవిందూ, పన్నీరు మాట మొదట అన్నది నేను కాదు. కానీ అది అనగానే పట్టుకున్నాను. నీకంటే ముందు నేనే అరిచాను. వీధివాళ్లంతా వచ్చేదాకా అరిచాను. నువ్వు తల వంచుకుని చొక్కా విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డావు. ఆ చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

ఆ తర్వాత నిన్ను ఎప్పుడు చూసినా నాకు ఆ డబ్బాయే కనబడేది. తప్పు చేసినవాణ్ణి నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ఏ తప్పూ చేయని నిన్ను ఏమని తిట్టను, ఎప్పుడు ఊరుకోను? నువ్వు ఎంత అణకువగా ఉంటే నాకంత మంట పుట్టేది. ఒక్కసారి ఎదురు తిరిగి ఉంటే బాగుండేది. పెద్దమండ్యం పాప ఎవరో గానీ, నేను ఎనిమిదేళ్లు దాచింది ఒక్క ముక్కలో రాసేసింది.

ఆనాటి నుంచి నశ్యం ముట్టలేదు. ఖాళీ డబ్బా మాత్రం వెన్నుపట్టె మీదే ఉంది. పారేయడానికి చెయ్యి రాలేదు, పారేస్తే అంతా మరిచిపోతానేమోనని. నువ్వు షెడ్డులోకి వస్తే తల పైకెత్తి దాన్ని చూస్తావని భయం. అందుకే గడియ.

చోటు అయిపోయింది. మడత మీద రాస్తున్నాను. నీకు అన్యాయం చేశాను.

చిన్నప్ప


కుప్పం,
16-8-1999

నాయనకు,

ఉత్తరం బడిలో అందింది. చదివి, చేతులు కడుక్కునే నెపంతో కొళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాను. హెడ్‌మాస్టరు కళ్లకలక అనుకుని సగంపూట సెలవు ఇచ్చాడు.

కోపం రాలేదని అబద్ధం చెప్పను. మూడు రోజులు చాలా కోపం వచ్చింది. ఎనిమిదేళ్లుగా నేను సీకాయతోనే స్నానం చేస్తున్నాను నాయనా! పెళ్లిళ్లలో పన్నీరు బుడ్డి కనబడితే చాలు, దొడ్డిదారిన పారిపోతాను. మా పెళ్లిలో పన్నీరు చల్లనివ్వలేదని కౌసల్య పుట్టింటివాళ్లు ఇప్పటికీ నన్ను నాస్తికుడనుకుంటారు. నీ ఉత్తరం చదవగానే కౌసల్య చేసిన మొదటి పని, అంగడికి పోయి చందనం సబ్బు కొనుక్కురావడం.

నాలుగో రోజు ఇంకోలా అనిపించింది. నీకు నేను గిట్టనని అనుకుంటూ ఇన్నేళ్లు కారణం వెతికాను. పురుగులు పోయినందుకే అయితే ఒకటి రెండేళ్లలో తగ్గాలి కదా అనుకునేవాణ్ణి. తగ్గకపోయేసరికి, నాలోనే నాకు తెలియనిది ఏదో ఉందేమోనని భయపడ్డాను. నాలో ఏమీ లేదని తెలిసింది. అది చాలు నాకు.

పదో భాగం నిన్ననే పంపేశాను. మంత్రగత్తె శాపమే రాశాను. రాజు పరువు దక్కింది. మనది మన మధ్యే ఉండనీ. అమ్మకు, అన్నకు కూడా చెప్పనక్కర్లేదు. అరవై దాటిన మనిషివి, ఇప్పుడు వాళ్ల ముందు తల దించుకోవడం ఎందుకు?

నీ కొడుకు,
గోవిందు


పుంగనూరు,
24-8-1999

చిరంజీవి గోవిందుకు నాయన దీవెనలు.

మంత్రగత్తె ఏం పాపం చేసిందిరా? అది కూడా ఆరోజు పెళ్లినుంచి వచ్చిందా? ఏ తప్పూ లేనివాళ్ల మీద వేసే పని ఈ ఇంట్లో ఒకసారి జరిగింది, అది చాలు. ఈ ఉత్తరం అందిన వెంటనే సంపాదకుడికి తంతి కొట్టి ఆ భాగం ఆపించు. నేను రాసినట్టే వేయమను. రాజు అన్నచోట రాజనే ఉండనీ. మఫ్లరు కూడా మళ్లీ వేయించు. తెలిసినవాళ్లకు తెలుస్తుంది, తెలియనీ.

మీ అమ్మకూ ఆదికీ ఆదివారమే చెప్పేశాను. ఆది లేచి వెళ్లి దూడకు నీళ్లు పెట్టాడు. మీ అమ్మ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. ఈ మూడు రోజులుగా మజ్జిగన్నంలో మామిడికాయ బద్ద లేదు. నేనూ అడగలేదు. ప్రమాణం తప్పినందుకు బోయకొండకు నడిచి రమ్మని ఆదితో చెప్పించింది. పోతాను.

మీ ఇంటికి కూడా వస్తాను. కానీ ముందు నువ్వు రావాలి. వచ్చే ఆదివారానికి పురుగులు నాలుగో జ్వరం లేస్తాయి. ఆది ఒక్కడి చేతులు చాలవు. కౌసల్యను కూడా తీసుకురా, చందనం సబ్బు మాత్రం కుప్పంలోనే ఉంచి రమ్మను. గుమ్మం దగ్గర నీళ్లూ సున్నం నేనే పెట్టి ఉంచుతాను. కాళ్లూ చేతులూ కడుక్కుని నువ్వు ముందు లోపలికి పో. నిచ్చెన వేసి ఉంటుంది. ఆ డబ్బా నువ్వే దించి పారెయ్, నా చెయ్యి ఎటూ రాదు.

నేను బయటే నిలబడి ఉంటాను. నా జేబులు తడిమి చూడు. మఫ్లరు విప్పించి దులుపు. ఆ తర్వాత, నీకు సరే అనిపిస్తే, నన్ను లోపలికి రానీ.

నీ నాయన,
చిన్నప్ప